చిట్టిగెడ్డ పడుకున్న రోజులు

మూసి 61వ రోజు

ఉదయం ఆరింటికి గుటకల పెట్టె శుభ్రం చేశాను. దాని అసలు పేరు ఏడు ముక్కల్లో ఉంటుంది. తీర మండలి కాగితాల్లో తప్ప ఆ పేరు ఎవరూ వాడరు. గంటకోసారి మా గెడ్డలోంచి, ఈ చిన్న ఏట్లోంచి, గుటకేసి, ఉప్పెంత, కరిగిన గాలెంత, వేడెంత అని కేంద్రానికి చెబుతుంది. మింగేటప్పుడు మా పెదనాన్న మజ్జిగ తాగినట్టు చప్పుడు చేస్తుంది. తొమ్మిది వారాలుగా వింటున్నాను, ఇంకా అలవాటు కాలేదు.

తర్వాత బురద జల్లెడ పట్టాను. నలభై మూడు పురుగులు, రెండు పీత పిల్లలు, ఒక చెప్పు. చెప్పు లెక్కలోకి రాదు.

మండలి చూసుకునే చిన్న మొగలు, ఏటి నోళ్ళు, ఈ జిల్లాలో ఏడు. వాటిలో ఇది అన్నిటికన్నా చిన్నది. చిట్టిగెడ్డ సముద్రంలో కలిసే చోట నిలబడి ఇటునుంచి అటు పిలిస్తే పలుకుతారు. ఇప్పుడైతే పిలవనక్కర్లేదు, నడిచి వెళ్ళొచ్చు. రెండు నెలల క్రితం అలలు ఇసుక తెచ్చి అడ్డంగా దిబ్బ పోశాయి. వానల్లేక గెడ్డలో నీరు తగ్గిపోయి, ఆ దిబ్బను తోసే బలం లేక నిలబడిపోయింది.

దిబ్బ పక్కనే ఊరు, స్తంభాల మీద ఎనభై ఇళ్ళు. పేరు మూడోపాలెం. మొదటి పాలెమూ రెండో పాలెమూ సముద్రం అడుగున ఉన్నాయి. పాటుకు నీరు బాగా వెనక్కి లాగిన రోజున రెండోపాలెం సెల్ టవర్ కొస పైకి తేలుతుంది, దాని మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటాయి.

రోజూ కేంద్రానికి నింపి పంపే ఫారంలో చివరి ప్రశ్నకు ఊరి సాక్షి నోటితో జవాబు చెప్పాలి, అది రికార్డు కావాలి. మా సాక్షి చోడిపల్లి బోడెమ్మ. ఎనభై దాటింది. మొగను ఎప్పుడు కొట్టాలో, అంటే దిబ్బకు గండి ఎప్పుడు పెట్టాలో, ఈ ఊళ్ళో చెప్పేది ఆవిడే. అంతకుముందు వాళ్ళ అత్త చెప్పేదట.

"మొగ ఎలా ఉంది?"

"పడుకుంది."

"మూసుకుంది అనాలి బోడెమ్మా. ఫారంలో రెండే గడులున్నాయి. తెరిచి, మూసి."

"నువ్వలగే రాసుకోమ్మా. నానిలగే అంతాను."

మూసి అని రాశాను. తొంభై రోజులు వరసగా ఆ మాట పడితే మండలి ఆ మొగను చచ్చినట్టు లెక్కగట్టి, కాంక్రీటు గోడ కట్టి, లోపలి నీటిని మంచినీటి చెరువు చేస్తుంది. ఊరిని మరోచోటికి పంపుతుంది. ఇంక ఇరవై తొమ్మిది రోజులున్నాయి.

మూసి 65వ రోజు

పొద్దున్న పెట్టె చెప్పిన లెక్కలో ఉప్పు ఉన్నట్టుండి పెరిగింది. నిన్న అమావాస్య. మూసిన గెడ్డలోకి ఉప్పు ఎక్కణ్ణుంచి వస్తుంది? పెట్టె పాడైనట్టుంది. విప్పి, కడిగి, మళ్ళీ బిగించాను. ఆ అంకె పక్కన 'యంత్రదోషం' అని రాశాను.

"ఏటి కొలతలమ్మా, దానికి తానం సేయించేసినావా?" అంది బోడెమ్మ అరుగు మీంచి. ఈ ఊళ్ళో నా పేరు హైమ అని ఎవరికీ గుర్తులేదు.

మూసి 70వ రోజు

వాన లేదు. పురుగులు ముప్పై ఒకటి.

ఊరి పెద్ద గనగళ్ళ దానయ్య వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి. అతనూ మరో పాతిక కుటుంబాలూ నాలుగేళ్ళ క్రితం కొమ్మగెడ్డ నుంచి ఇక్కడికి వచ్చి చేరారు. ఇక్కడికి ఉత్తరంగా పన్నెండు కిలోమీటర్లు. అక్కడి మొగకు మండలి గోడ కట్టింది. లోపలి నీరు మంచినీరు కాలేదు, పచ్చగా పాచిపట్టి ఉంది.

"అమ్మా, మొగ కొట్టేత్తాం. నలభై మందిమి పారలట్టుకుంతే ఒక్క పూట పని," అన్నాడు.

"బోడెమ్మ ఏమంది?"

"ఆగమంతంది. కొమ్మగెడ్డకాడ కూడా ఆగమన్నారమ్మా. ఆగినాం. తొంభైయో రోజుకి గోడోళ్ళు వొచ్చినారు."

గండి పెడితే నా ఫారంలో 'తెరిచి' అని పడుతుంది, రోజుల లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది. అంత సులువైన పనికి ఆ ముసలమ్మ ఎందుకు అడ్డం పడుతోందో అర్థం కాక, నాక్కూడా ఆవిడ మీద విసుగొచ్చింది.

మూసి 74వ రోజు

ఆ విసుగు ఇవాళ బోడెమ్మే దించింది.

పడవలో గెడ్డ మధ్యకు తీసుకెళ్ళి, గోనెసంచిలోంచి ఒక తాడు తీసింది. కింద రాయి, పైకి జానకొకటి చొప్పున పదకొండు వెండి మెట్టెలు కట్టి ఉన్నాయి. ఈ ఊళ్ళో ఆడది మొగుడు పోయి మెట్టెలు తీసేస్తే ఒకటి ఈ తాడుకి ఇస్తుందట. పైనుంచి మూడోది బోడెమ్మది.

తాడు నిలువుగా దించి, చుట్ట ఒకటి పూర్తిగా కాల్చి, పైకి లాగింది. పై నాలుగు మెట్టెలు తెల్లగానే ఉన్నాయి. కింద ఏడూ నల్లబడి వచ్చాయి. వాటికి కుళ్ళిన గుడ్డు వాసన.

నాకు సిగ్గేసింది. మా గుటకల పెట్టె మూరెడు లోతున మింగుతుంది. అక్కడ నీరు బాగానే ఉంది కాబట్టి గెడ్డ బాగుందని రోజూ రాస్తున్నాను. అడుగున బరువైన ఉప్పునీరు కదలకుండా నిలిచిపోయి, గాలి అయిపోయి విషమై కూర్చుందని పెట్టెకీ తెలియదు, నాకూ తెలియదు.

"ఇప్పుడు గండెడితే ఏది ముందు పోతాది సెప్పు," అంది బోడెమ్మ.

"పైనీరు."

"మంచి నీరంతా సంద్రంలోకెల్లిపోద్ది. సేపలకేటి మిగులుతాది? ఈ నల్లది. ఒక్క పూటలో అన్నీ ఎల్లకిలా తేల్తాయి. మా యత్త కాలంలో ఓపాలి అలగే అయినాది. మూడేళ్ళు పీత పిల్ల దొరకలేదు."

"మరి ఎప్పుడు కొట్టాలి?"

"కొండల్లో వాన పడాల. గెడ్డ పొంగాల. నలుపు మూడు మెట్టెలకి దిగాల. అప్పుడు."

వాన ఎప్పుడు పడుతుందో ఆవిడ చేతుల్లో లేదు, నా చేతుల్లోనూ లేదు. కొడితే గెడ్డ నిజంగా చస్తుంది, కొట్టకపోతే కాగితం మీద చస్తుంది.

మూసి 80వ రోజు

పురుగులు ఇరవై ఆరు. దానయ్య పారలకు సాన పట్టిస్తున్నాడు. ఆ చప్పుడు ఉదయం నుంచీ వినిపిస్తోంది.

నిన్న పౌర్ణమి. ఇవాళ తెల్లవారుజామున పోటు ఎక్కే వేళకు బోడెమ్మ నన్ను లేపి దిబ్బ మీదికి తీసుకెళ్ళింది. పెద్ద అలలు వస్తూనే ఉన్నాయి. ఏడెనిమిదింటికి ఒకటి దిబ్బ ఎక్కి, పలచగా ఇసుక మీద పాకి, ఇవతలి గెడ్డలోకి జారింది. నా కాళ్ళ మీంచే జారింది. నీళ్ళు మోకాలిదాకా కూడా లేవు.

"సూసినావా? పున్నానికీ అమాసకీ సంద్రం దూకుతాది. గెడ్డని ఓపాలి తట్టి ఎల్లిపోద్ది," అంది బోడెమ్మ. "పడుకున్నోళ్ళని తట్టి సూత్తారు గదా."

పెట్టెలో ఉప్పు పెరిగింది. ఈసారి కడగలేదు. వెనక్కి వెళ్ళి 65వ రోజు పక్కన రాసిన 'యంత్రదోషం' కొట్టేసి, 'నా దోషం' అని రాశాను.

మూసి 82వ రోజు

దిబ్బకు లోపలి వైపు సన్నవల వేసి పండుగప్ప చేప పిల్లలు పట్టాను. వేలెడు కూడా లేవు. ఒకదాని తలలోంచి చెవిరాయి తీసి, అరగదీసి, భూతద్దం కింద పెట్టాను. చేప పుట్టినప్పటి నుంచి చెవిరాయిలో రోజుకో గీత పడుతుంది. మూడుసార్లు లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది.

మరో రెండు పిల్లల రాళ్ళలో నలభై, ముప్పై ఏడు.

పండుగప్ప గుడ్లు పెట్టేది సముద్రంలోనే. మొగ మూసి ఎనభై రెండు రోజులైతే, ముప్పై ఎనిమిది రోజుల చేప లోపలికి ఎలా వచ్చింది? అలతో పాటు దిబ్బ దూకి వచ్చింది. అంటే నేను ఎనభై రెండు రోజులుగా అబద్ధం రాస్తున్నాను.

బోడెమ్మకు చెప్పాను. ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. మిగిలిన పిల్లల్ని మళ్ళీ గెడ్డలో వదిలానా లేదా అని మాత్రం అడిగింది.

మూసి 83వ రోజు

ఇవాళ నా తప్పు ఒకటి దొరికింది. అదీ ఇక్కడే రాస్తాను, ఎందుకంటే ఈ చిట్టా అందుకే ఉంది.

'మూసి' అనే గడి ఎక్కణ్ణుంచి వచ్చిందా అని కేంద్రం పాత దస్త్రాలు తెరిపించాను. తొమ్మిదేళ్ళ క్రితం మొగల సర్వే పుస్తకాన్ని తెలుగు చేసింది నేనే. అప్పుడు తీరమంతా తిరిగి జాలర్ల మాటలు పోగుచేశాను. నా చేతిరాతే ఉంది. తెరిచి ఉంది. సన్నబడింది. పడుకుంది, అంటే దిబ్బ పడింది గానీ పున్నానికి, అమాసకి సంద్రం దూకుతుంది. చచ్చింది, అంటే అదీ లేదు. నాలుగు మాటలు. పై అధికారి రెండు గడులే పెట్టమన్నాడు, యంత్రానికి సులువని. నేను ఎదురు చెప్పలేదు. పడుకుందీ చచ్చిందీ కలిపి 'మూసి' చేశాను. బస్సు అందుకునే తొందరలో ఉన్నట్టు కూడా గుర్తు.

తొంభై రోజుల నిబంధన తర్వాత ఎవరో రాశారు. వాళ్ళు నా గడినే నమ్ముకున్నారు.

దస్త్రాలు మూసెయ్యబోయి, కొమ్మగెడ్డ చివరి రికార్డు తెరిచాను. తొంభైయో రోజు. ఫారంలో 'మూసి'. సాక్షి మాట విన్నాను. "పడుకున్నాదండీ. పున్నానికి మేలుకుంతాది." సాక్షి పేరు గనగళ్ళ దానయ్య.

ఆ గొంతు రెండోసారి వినలేకపోయాను.

పడుకుని 84వ రోజు

పేరు మార్చాను. ఈ చిట్టాలో ఇకనుంచి ఇదే మాట. ఫారం ఈ మాటను తీసుకోదు, గడి ఎర్రబడి కీచుమంటుంది. కీచుమననీ.

కేంద్రానికి సవరణ రాశాను. చెవిరాళ్ళ బొమ్మలు, రెండుసార్లు పెరిగిన ఉప్పు లెక్క, మెట్టెల తాడు కొలతలు, నా పాత చేతిరాత అన్నీ జతచేశాను. చివర కొమ్మగెడ్డ గురించీ రాశాను.

మధ్యాహ్నం రుక్సానా లైన్లో పిలిచింది. కేంద్రంలో ఏడు మొగల సమీక్ష ఆమెదే. ఒకప్పుడు నా దగ్గరే పని నేర్చుకుంది.

"హైమక్కా, చిట్టిగెడ్డ వరకు పంపండి. అది గెలుస్తుంది. కొమ్మగెడ్డ పేరా తీసెయ్యండి."

"ఎందుకు?"

"అది పంపితే తప్పు ఒప్పుకున్నట్టే, మీ మెడలోని వెండి ముద్ర వెనక్కి తీసుకుంటారు. మళ్ళీ ఎక్కడా కొలతల చీటీ మీద సంతకం పెట్టలేరు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు అక్కా."

"ఆ గోడ నా మాట మీద లేచింది రుక్సానా. ఆ పేరా లేకపోతే నేను రాసిందాంట్లో నిజం సగమే."

"సరే, ఉన్నదున్నట్టు పంపుతున్నాను," అంది. ఆమె గొంతులో కోపం ఉంది. అది నా మీదో, మండలి మీదో తెలియలేదు.

పడుకుని 88వ రోజు

జవాబు రాలేదు. వాన లేదు. పురుగులు పంతొమ్మిది. మెట్టెలు: ఏడు నలుపు.

పది గంటలకు దానయ్య నలభై మందితో, పారలతో దిబ్బ మీదికి వచ్చాడు. బోడెమ్మ వాళ్ళకు అడ్డంగా ఇసుకలో చతికిలబడింది. ఆవిణ్ణి దాటి తవ్వే ధైర్యం ఎవరికీ లేదు. అలాగని ఎవరూ వెనక్కీ పోలేదు.

"లెగవే ముసిలీ. ఎల్లుండి గోడోళ్ళొత్తారు," అన్నాడు దానయ్య.

"రానీ. సచ్చిన సేపల్ని ఏరుకోడానికా తవ్వుతావు?"

నేను మధ్యలోకి వెళ్ళాను.

"దానయ్యగారూ, కొమ్మగెడ్డలో చివరి రోజు మిమ్మల్ని అడిగారు, మొగ ఎలా ఉందని. గుర్తుందా?"

అతని మొహం మారిపోయింది.

"మీరు పడుకుందన్నారు. ఫారంలో మూసి అని రాసుకున్నారు. మీ మాటకు అందులో గడి లేదు. లేకుండా చేసింది నేనే. తొమ్మిదేళ్ళ క్రితం, నా చేత్తో. ఆ గోడ నా వల్ల వచ్చింది."

అతను పార మీద బరువు మోపి నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను, కొట్టినా సరే అనుకున్నాను.

"అయితే నానప్పుడు సరిగ్గానే సెప్పినానా?" అన్నాడు చివరికి.

"సరిగ్గానే చెప్పారు. మీ గొంతు నేను విన్నాను."

"నాలుగేళ్ళమ్మా," అన్నాడు. "నాలుగేళ్ళనుంచీ నా నోటి మాటకే గోడొచ్చిందనుకుంతన్నాను. ఏదో తప్పు కూసేసినానని. మా యావిడకి కూడా సెప్పలేదు."

ఇసుకలో కూర్చుండిపోయి భుజం మీది తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. నాకూ ఏడుపాగలేదు. బోడెమ్మ మాత్రం ఏడవలేదు, చుట్ట ముట్టించి అతని చేతికిచ్చింది.

కాసేపటికి లేచి మనుషులతో, "పదండ్రా, ముసిల్ది సెప్పినప్పుడే తవ్వుదాం," అన్నాడు. "గోడోళ్ళొత్తే నాను మాటాడతాను. ఈపాలి నాకు మాటొచ్చు."

నన్ను క్షమించానని అతను అనలేదు. నేను అడగలేదు.

పడుకుని 90వ రోజు

గోడవాళ్ళ పడవ రాలేదు. ఉత్తరువు వచ్చింది. చిట్టిగెడ్డ స్థితి తేలేదాకా కట్టడం ఆపుతున్నారు, నెల గడువు. ఏడు మొగల్లోనూ సాక్షుల రికార్డులు మళ్ళీ వింటారు. రెండో కాగితంలో నా సంతకం ఇవాళ్టి నుంచి చెల్లదని ఉంది.

రెండోది చదివి బాధపడ్డాను. లేదని రాస్తే ఇదీ ఇంకో 'మూసి' అవుతుంది.

సాయంత్రం రుక్సానా పిలిచింది. "మీరు చెప్పండక్కా, నేను రాసి సంతకం పెడతాను. మీ చిట్టా ఆపకండి."

పురుగులు పద్దెనిమిది అని చెప్పాను.

లేచిన మొదటి రోజు

మొన్నా నిన్నా కొండల్లో వాన దంచికొట్టింది. నిన్న మధ్యాహ్నానికి గెడ్డ ఎర్రగా పొంగి ఇళ్ళ స్తంభాల మీద నీటిమట్టానికి పెట్టిన రెండో గాటు దాటింది. ఇవాళ, పడుకున్న తొంభై ఏడో రోజున, బోడెమ్మ తాడు దించింది. కొత్త నీరు తోసుకొచ్చి నల్లనీటిని కలియబెట్టేసింది. మూడు నలుపు, ఎనిమిది తెలుపు.

పాటు మొదలయ్యేదాకా ఆగి, దిబ్బ మీద మడమతో ఒక గీత గీసింది. నలభై పారలూ ఆ గీత మీదే పడ్డాయి. మొదట కాలువ నా చేతి వెడల్పుంది. అరగంటకు దూకలేనంత. గంటకు ఇసుక గట్లు దబదబా విరిగిపడుతుంటే జనం వెనక్కి పరుగులు తీశారు. గెడ్డ సముద్రంలోకి అరుచుకుంటూ వెళ్ళిపోయింది. నేను కూడా అరిచాను, ఏమని అరిచానో తెలియదు.

చచ్చిన చేపలు పదకొండు. సాయంత్రం దాకా గట్టు వెంట తిరిగి లెక్కపెట్టాను.

పెట్టె దగ్గరికి వస్తే బోడెమ్మ నా మెడలోని ముద్ర పట్టుకుని చూసింది. వెనక్కి పంపమని మండలి ఇంకా అడగలేదు.

"ఇదింక పనికిరాదంత గదా?"

"పనికిరాదు."

"ఎండేనా?"

"వెండే."

"అయితే పనికొత్తాది," అని చెయ్యి చాపింది. "కొమ్మగెడ్డకి తాడు లేదు."

కొమ్మగెడ్డ. పడుకుని 1,612వ రోజు

ఉదయం పడవలో ముగ్గురం వచ్చాం. దానయ్య గోడ కట్టాక ఇటు రావడం ఇదే మొదటిసారట. దారంతా పడవ తనే నడిపాడు.

గోడ మీంచి కొత్త తాడు దించాం. దానికి రెండే ముడులు. పైన దానయ్య వాళ్ళమ్మ మెట్టె, కింద నా ముద్ర. మెట్టె తెల్లగా వచ్చింది. ముద్ర నల్లగా వచ్చింది, మండలి పేరు చదవడానికి లేదు.

చచ్చిందని రాయడానికి కారణం ఉందేమోనని కూడా వెతికాను, అదీ నా పనే. గోడ ఉత్తరపు మూల అడుగున సముద్రపు ఉప్పు లోపలికి ఊరుతోంది, మూడుచోట్ల కొలిచాను. ఆ మూల బురద జల్లెడ పట్టాను. పురుగులు రెండు. రెండూ కదులుతున్నాయి.

రుక్సానా లైన్లో ఉంది. కొత్త ఫారంలో నాలుగు గడులున్నాయని చెప్పింది. సాక్షిని ప్రశ్న అడగాల్సింది తనే, కానీ నన్ను అడగమంది.

"మొగ ఎలా ఉంది?" అన్నాను.

దానయ్య గోడ మీద చెయ్యి వేసి చాలాసేపు నీళ్ళకేసి చూశాడు.

సాక్షి: గనగళ్ళ దానయ్య. చెప్పిన మాట: పడుకుంది. రాసిన మాట: పడుకుంది.